దొంగకే ఓటెయ్యండి, ఇది ముఖ్యం

2024 మే 13న మా ఊరి హైస్కూల్లో ఓటెయ్యడానికి హైదరాబాదు నుంచి పది గంటలు ప్రయాణం చేసి వెళ్ళా. ఆ శని, ఆదివారాల్లో విజయవాడ హైవే మీద ఇరుక్కుపోయిన వాళ్ళలో ఇది చదివేవాళ్ళు కూడా బోలెడుమంది ఉండి ఉంటారు, కాబట్టి ఆ కష్టాలు మళ్ళీ చెప్పను. లోపల రెండు మిషన్లు. పార్లమెంటు మిషన్ దగ్గర పెద్దగా ఆలోచించకుండా నొక్కేశా. అసెంబ్లీ మిషన్ దగ్గర మాత్రం ఆగిపోయా. వెనక లైన్లో వాళ్ళు దగ్గడం మొదలుపెట్టాక, అన్నిటికన్నా కింద ఉన్న నోటా నొక్కి బయటికొచ్చా. వేలి మీద సిరా చూసుకుంటూ, నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగానే ఉంది. మనస్సాక్షి ప్రకారం నడుచుకున్నానని.

ఇంటికొచ్చాక నాయనమ్మ ఎవరికేశావని అడిగింది. ఎవరికీ వెయ్యలేదని, అలా వెయ్యకపోవడానికి కూడా ఒక మీట ఉంటుందని చెప్పా. కాసేపు నా మొహంలోకి చూసి "ఆ మీట నొక్కడానికి అంత దూరం నించి రావాలా నాయనా" అంది.

అసలు విషయానికొస్తే, మా నియోజకవర్గంలో నికరంగా పోటీలో ఉన్నది ఇద్దరే. పేర్లు, పార్టీలు, ఎవరు గెలిచిందీ చెప్పను. చెబితే ఊరు తెలిసిపోతుంది, నాకు పండగలకి ఇంటికెళ్ళే పని ఉంది :). మొదటాయన మీద కేసులున్నాయి, అఫిడవిట్లో ఆయనే రాసుకున్నాడు. ఇసుక వ్యాపారం ఉంది, అఫిడవిట్లో రాసుకోని ఇంకో సంసారం కూడా ఉంది. రెండో ఆయన మీద ఒక్క కేసు లేదు, మాట మెత్తన, చదువుకున్నవాడు. కానీ మా పేట శ్మశానం స్థలం గొడవ వచ్చినప్పుడు అది మాది కాదని అవతలి వాళ్ళ తరఫున నిలబడ్డవాడు ఆయనే. ఆ స్థలంలో మా తాతయ్య ఉన్నాడు. నాయనమ్మ రేపో మాపో ఆయన పక్కకే వెళ్ళాలనుకుంటోంది.

నాయనమ్మ మొదటాయనకి వేసింది. "వాడు దొంగ, నాకు తెలవదా? దొంగైనా తాతని కదిలించనన్నాడు" - ఇదీ ఆమె లెక్క.

ఇక మూడో మనిషి మా పాస్టరు గారు. ఎన్నికల ముందు ఆదివారం ప్రసంగం చివర్లో ఆయన ఆ మొదటి అభ్యర్థిని దేవుడు ఈ కాలానికి లేపిన మనిషి అన్నారు. కోరెషు రాజుతో పోల్చారు. సంఘానికి కొత్త సౌండ్ సిస్టమ్ ఎవరు కొనిచ్చారో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. మైకు మాత్రం చాలా స్పష్టంగా వినిపించింది.

అప్పట్నుంచీ నన్ను ఒకటే ప్రశ్న తొలుస్తోంది. ఒక క్రైస్తవుడిగా మా ముగ్గురిలో ఎవరు తప్పు చేశారు? నోటా నొక్కిన నేనా, దొంగ అని తెలిసి వేసిన నాయనమ్మా, దొంగని కోరెషుని చేసిన పాస్టరు గారా?

ఇది మా ఊరి గొడవే అనుకున్నా గానీ, వెతికితే ఈ సబ్జెక్టులో అమెరికా వాళ్ళు పీహెచ్‌డీలు చేసేశారు. కోరెషు పోలిక కూడా అక్కడ 2016లోనే ట్రంప్ కోసం తెగ వాడేశారు. మా పాస్టరు గారు యూట్యూబులో అమెరికా ప్రసంగాలు బాగా చూస్తారు, దిగుమతి అక్కడ్నుంచే అని నా అనుమానం.

వాళ్ళ కథల్లో నాకు బాగా నచ్చింది లూసియానాది. 1991లో అక్కడ గవర్నరు ఎన్నిక. అప్పటికి పదవిలో ఉన్నాయన మొదటి రౌండులోనే మూడో స్థానంలోకి పోయి ఎగిరిపోయాడు. ఆఖరికి మిగిలింది ఇద్దరు. ఒకరు ఎడ్విన్ ఎడ్వర్డ్స్. అంతకుముందు మూడుసార్లు గవర్నరు, జూదగాడు, ఆడవాళ్ళ విషయంలో పేరుమోసినవాడు, అవినీతి కేసులో కోర్టు మెట్లెక్కి 1986లో నిర్దోషిగా బయటపడ్డా జనం ఎవరూ నమ్మనివాడు. రెండో ఆయన డేవిడ్ డ్యూక్, కూ క్లక్స్ క్లాన్ మాజీ నాయకుడు. అదంతా పాత సంగతని, ఇప్పుడు తిరిగి జన్మించిన క్రైస్తవుణ్ణని చెప్పుకుంటూ తిరిగాడు. అంటే ఒకవైపు ఒప్పుకోలు లేని పాపి, ఇంకోవైపు సాక్ష్యం చెప్పుకునే క్లాన్ నాయకుడు!

అప్పుడు జనం కార్ల వెనక ఒక స్టిక్కరు అంటించుకుని తిరిగారు. దాని అర్థం: దొంగకే ఓటెయ్యండి, ఇది ముఖ్యం. ఎడ్వర్డ్స్ 61 శాతంతో గెలిచాడు. తెల్లవాళ్ళ ఓట్లలో సగానికి పైగా డ్యూక్‌కే పడ్డాయి, కాబట్టి గెలిపించింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఎడ్వర్డ్స్ తర్వాత మారాడా అంటే, అబ్బే. 2000లో ఇంకో అవినీతి కేసులో దోషిగా తేలి, ఎనిమిదేళ్ళకి పైగా జైల్లో ఉండి 2011లో బయటికొచ్చాడు. దొంగ దొంగే. స్టిక్కరు అంటించుకున్నవాళ్ళు ఆ ముక్క ముందే చెప్పారు కాబట్టి వాళ్ళు సిగ్గుపడాల్సిన పని లేకపోయింది.

మన భాషలో చెప్పాలంటే ఇది రిలీజ్ నోట్సులో నోన్ ఇష్యూస్ రాయడం లాంటిది. డేటు దాటిపోతోంది, రెండు పెద్ద బగ్గులున్నాయి, ఆపితే ఇంకా పెద్ద నష్టం. అప్పుడు గో, నో-గో కాల్‌లో అందరూ కూర్చుని, ఇవీ బగ్గులు, ఇవి తెలిసే పంపిస్తున్నాం అని రాసి సంతకం పెడతారు. ఇది మనలో ప్రతివాడూ చేసిన పనే. చెయ్యకూడనిది ఇంకోటుంది. బగ్‌ని "వర్కింగ్ యాజ్ డిజైన్డ్" అని క్లోజ్ చేసెయ్యడం.

అలా క్లోజ్ చేసేవాళ్ళని చూడాలంటే అలబామా వెళ్ళాలి. 2017 డిసెంబరు 12న అక్కడ సెనేట్ ఉపఎన్నిక. రిపబ్లికన్ అభ్యర్థి రాయ్ మూర్. ఈయన రాష్ట్ర సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నప్పుడు కోర్టు భవనంలో పది ఆజ్ఞలు చెక్కిన రెండు టన్నుల పైచిలుకు రాయి పెట్టించి, తీసెయ్యమని ఫెడరల్ కోర్టు చెప్పినా తియ్యనందుకు 2003లో పదవి పోగొట్టుకున్న మనిషి. భక్తులకి హీరో. నవంబరులో వాషింగ్టన్ పోస్టులో కథనం వచ్చింది: ముప్పైల్లో ఉండగా ఈయన టీనేజి అమ్మాయిల వెంట పడేవాడని, తనకి పద్నాలుగేళ్ళప్పుడు తనతో అసభ్యంగా ప్రవర్తించాడని ఒకావిడ చెప్పింది. ఆయన కాదన్నాడు. ఎదుటి అభ్యర్థి డగ్ జోన్స్, డెమోక్రాట్. 1963లో బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ళ బాప్టిస్టు చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపిన క్లాన్ మనుషుల్లో ఇద్దరికి దాదాపు నలభై ఏళ్ళ తర్వాత, 2001లో, 2002లో శిక్ష వేయించిన ప్రాసిక్యూటర్ ఈయనే. కానీ గర్భస్రావం హక్కుని సమర్థిస్తాడు. అది హత్యేనని నమ్మే విశ్వాసికి ఇది చిన్న విషయం కాదు. ఆ నమ్మకాన్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు, నాకూ అందులో చాలా భాగం ఉంది.

ఇక్కడ జనం రకరకాలుగా చేశారు. అప్పటి గవర్నరు కే ఐవీ, ఆ ఆడవాళ్ళని నమ్మకపోవడానికి తనకి కారణం లేదంటూనే, సుప్రీంకోర్టు జడ్జీల నియామకాల కోసం మూర్‌కే వేస్తానంది. వినడానికి ఘోరంగా ఉంటుంది గానీ, కనీసం నోన్ ఇష్యూ రాసి సంతకం పెట్టింది. రాష్ట్ర ఆడిటర్ జిమ్ జీగ్లర్ అనే ఆయన ఉన్నాడు చూడండి, ఆయన యోసేపుకి వయసెక్కువ, మరియ చిన్నపిల్ల, వాళ్ళు యేసుకి తల్లిదండ్రులు కాలేదా అన్నాడు. వర్కింగ్ యాజ్ డిజైన్డ్! ఒక మనిషిని గెలిపించడానికి క్రిస్మస్ కథనే అడ్డం పెట్టాడు. ఇద్దరూ ఆ రోజు ఒకరికే ఓటేసి ఉంటారు. కానీ నా దృష్టిలో ఆ రెండూ ఒకే పాపం కాదు.

మూడో రకం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఆ రాష్ట్రపు సీనియర్ రిపబ్లికన్ సెనేటర్ రిచర్డ్ షెల్బీ, మూర్‌కి వెయ్యలేదని, బ్యాలెట్ మీద ఇంకో రిపబ్లికన్ పేరు రాశానని టీవీలోనే చెప్పాడు. అక్కడ నచ్చిన పేరు రాసుకునే వీలుంది. అలా పేర్లు రాసినవాళ్ళు 22,852 మంది. జోన్స్ గెలిచిన తేడా 21,924. వృథా అన్న ఓట్లే తేడా కంటే ఎక్కువ!

ఈ లెక్క చూసినప్పుడు నా నోటాకి ప్రాణం లేచొచ్చింది. చూశావా నాయనమ్మా అనాలనిపించింది. కానీ కాస్త ఆలోచిస్తే నాదీ వాళ్ళదీ ఒకటి కాదు. వాళ్ళు సొంత పార్టీకి, అలవాటుగా వేసే ఓటుని వెనక్కి తీసుకున్నారు. దానివల్ల సీటు పోతుందని తెలుసు. పోయింది కూడా. నష్టం వాళ్ళదే. మరి నా నోటాకి ధర ఎవరు కడతారు? గచ్చిబౌలిలో అద్దె ఫ్లాటులో ఉండే నాకు ఆ శ్మశానం ఉంటే ఎంత, పోతే ఎంత. మనస్సాక్షి నాది, బిల్లు నాయనమ్మది.

ఆ ఎన్నికలో ఇంకో సంగతి. ఎగ్జిట్ పోల్స్ ప్రకారం తెల్ల ఎవాంజెలికల్స్‌లో 80 శాతం మూర్‌కి వేశారు. నల్లవాళ్ళలో 96 శాతం జోన్స్‌కి. బైబిలు అదే, బాప్తిస్మం అదే. గర్భస్రావం గురించి సంప్రదాయంగా ఆలోచించేవాళ్ళు నల్లవాళ్ళ సంఘాల్లో తక్కువేం కాదు. కానీ ఆ చర్చిలో చచ్చిపోయిన పిల్లలు ఎవరి పిల్లలో వాళ్ళకి గుర్తుంది. పవిత్రమైన అభ్యర్థి వచ్చేదాకా ఆగుతానని చెప్పగలగడం కూడా ఒక సౌకర్యమేనని నాకు అక్కడే మొదటిసారి అనిపించింది. అది అందరి దగ్గరా ఉండదు.

సరే, మరి దొంగ అని చెప్పి దొంగకి వేస్తే అంతా బాగున్నట్టేనా? అక్కడే ఇబ్బంది. ఈ రోజు దొంగ అంటూ వేసినవాళ్ళు నాలుగేళ్ళకి ఆ మాట అనడం మానేస్తారు. దానికీ అమెరికాలో కొలిచిన లెక్కలున్నాయి. 1998లో క్లింటన్ గొడవ నడుస్తున్నప్పుడు సదరన్ బాప్టిస్టులు సాల్ట్ లేక్ సిటీలో సమావేశమై ప్రజా నాయకుల నైతికత మీద ఒక తీర్మానం చేశారు. నాయకుల ఘోరమైన తప్పుల్ని సహిస్తూ పోతే సమాజం మనస్సాక్షే మొద్దుబారుతుందన్నది సారాంశం. నన్నడిగితే అక్షరాలా నిజం. తర్వాత 2011లో పీఆర్ఆర్ఐ అనే సర్వే సంస్థ, వ్యక్తిగత జీవితంలో అనైతికంగా ఉన్న నాయకుడు పదవిలో నిజాయితీగా పనిచెయ్యగలడా అని అడిగితే తెల్ల ఎవాంజెలికల్స్‌లో 30 శాతం చెయ్యగలడన్నారు. 2016 అక్టోబరులో అదే ప్రశ్నకి 72 శాతం! ఐదేళ్ళలో బైబిలు కొత్త వెర్షనేం రాలేదు. అభ్యర్థి మారాడంతే.

వేన్ గ్రూడెమ్ అని పెద్ద వేదాంత పండితుడు, ఆయన రాసిన లావుపాటి సిస్టమాటిక్ థియాలజీ పుస్తకం మన దగ్గర బైబిలు కాలేజీల్లో చదివినవాళ్ళకి కూడా తెలిసే ఉంటుంది. 2016 జులైలో ట్రంప్‌కి ఓటెయ్యడం నైతికంగా మంచి ఎంపిక అని వ్యాసం రాశాడు. అక్టోబరులో ఆ ఆడవాళ్ళ గురించిన టేపు బయటపడగానే వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నాడు. పదిరోజులకే, విధానాల కోసం వెయ్యాల్సిందేనని మళ్ళీ రాశాడు. కమిట్, రివర్ట్, రివర్ట్‌ని రివర్ట్ :). నవ్వు వచ్చినా, మూడుసార్లూ బహిరంగంగా చేశాడన్నందుకు ఆయన మీద నాకు కాస్త గౌరవమే. నా గొడవల్లా ఆ మొదటి వ్యాసంలో "మంచి" అన్న మాటతోనే. తప్పనిది అంటే సరిపోయేది.

ఇది రిపబ్లికన్ల జబ్బు మాత్రమే అనుకునేరు. 1998లో క్లింటన్ని వెనకేసుకొచ్చిన వాళ్ళు కూడా తమకి కావలసిన చట్టాల కోసమే ఒక ఆఫీసు అమ్మాయి సంగతిని చిన్న విషయం చేసేశారు. బిల్లీ గ్రహామ్ పెట్టిన క్రిస్టియానిటీ టుడే పత్రిక ఒకటి మాత్రం 1998లో క్లింటన్ గురించి ఏ కొలత పెట్టిందో 2019 డిసెంబరులో ట్రంప్‌కీ అదే పెట్టి, పదవి నుంచి తొలగించాలని సంపాదకీయం రాసింది. తిట్లు బాగానే తింది.

బైబిల్లో ఓటు లేదు కాబట్టి వాక్యం చూపించమంటే కష్టమే. కోరెషు కథ ఇక్కడ పనికిరాదని మాత్రం చెప్పగలను. కోరెషుని యూదులెవరూ ఎన్నుకోలేదు, ఆయన మంచివాడని పొగడమని కూడా దేవుడు వాళ్ళకి చెప్పలేదు. న్యాయాధిపతుల గ్రంథంలో యోతాము చెప్పిన చెట్ల కథ ఎన్నికలకి ఇంకా దగ్గర: ఒలీవ, అంజూరం, ద్రాక్ష ఎవరి పనిలో వాళ్ళుండి రాజుగా ఉండనంటే చివరికి ముండ్లపొద ఒప్పుకుంటుంది. మంచివాళ్ళంతా ఐటీలో చేరితే ఎవరు పోటీ చేస్తారన్నది ఆ కథకి నా సొంత వ్యాఖ్యానం.

కానీ నన్ను పట్టుకున్నది నయమాను కథ. అరామీయుల సైన్యాధిపతి, ఎలీషా మాట మీద యొర్దానులో మునిగి కుష్ఠు పోగొట్టుకున్నవాడు. ఇక యెహోవానే మొక్కుతానని చెప్పి, ఒక్క విషయం అడుగుతాడు. మా రాజు రిమ్మోను గుళ్ళోకి వెళ్ళినప్పుడు నా చెయ్యి పట్టుకుని వంగుతాడు, నేనూ వంగాల్సొస్తుంది, అది క్షమించబడుతుందా అని. ఎలీషా వంగమనీ చెప్పడు, వద్దనీ చెప్పడు, సమాధానంగా వెళ్ళమని పంపిస్తాడు. చిన్నప్పుడు సండేస్కూల్లో ఈ ముక్క దాటేసేవాళ్ళు, టీచర్లకీ ఇబ్బందే మరి. ఇక్కడ నయమాను రిమ్మోను కూడా దేవుడేననలేదు. వంగడం తప్పు కాదనలేదు. ఉద్యోగం మానేసి చేతులు కడుక్కోనూ లేదు. తప్పని తెలిసి, ముందే క్షమాపణ అడిగాడు.

నోటా మీద నాకు గౌరవం పోయిందని కాదు. 2013లో సుప్రీంకోర్టు అది పెట్టమన్నప్పుడు, జనం ఇలా తిరస్కరిస్తే పార్టీలు మంచివాళ్ళని నిలబెడతాయన్న ఆశతోనే పెట్టమంది. అదే నోటా 2024లో ఇండోర్ పార్లమెంటు సీటులో 2 లక్షల 18 వేలకి పైగా ఓట్లతో రెండో స్థానంలో నిలిచింది. గెలిచినాయన గెలిచాడు. ఒకవేళ నోటాయే మొదటి స్థానంలో వచ్చినా, దాని కింద ఎక్కువ ఓట్లు వచ్చిన మనిషే ఎమ్మెల్యేనో ఎంపీనో అవుతాడు.

అఫిడవిట్ల గురించి మాట్లాడేటప్పుడు నాకు ఇంకోటి గుర్తొస్తుంది, రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి సవరించారు, మాకు లేదు. అందుకే నాది బీసీ-సి సర్టిఫికెట్. మా బాబాయి కొడుకుది వేరే. వాడూ నేనూ ఒకే చర్చిలో ఒకే బల్ల మీద కూర్చుంటాం, ఆఫీసు కాగితాల మీద మా మతాలు మాత్రం వేరు. వాడి మనస్సాక్షికి వాడు ఏం చెప్పుకుంటాడో నేనెప్పుడూ అడగలేదు, ఆ ఉత్తర్వు న్యాయమని కూడా నేననుకోను. కానీ అభ్యర్థి అఫిడవిట్లో ఏం దాచాడని వేలు చూపించేటప్పుడు ఆ వేలు కాస్త వణుకుతుంది.

నాయనమ్మ లెక్కలోనూ ఒక తేలని సంఖ్య ఉంది. ఆ మొదటాయన ఇసుక ట్రాక్టరు కింద పడి పక్క ఊళ్ళో ఒక పిల్లాడు పోయాడు. కేసు రాజీ అయింది. ఆ పిల్లాడి తల్లి మా సంఘంలోనే, ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుంటుంది. పాస్టరు గారు కోరెషు అన్న ఆదివారం కూడా అక్కడే కూర్చుంది. తాతయ్య సమాధి కోసం వేసిన ఓటు ఆమె కళ్ళకి ఎలా కనపడుతుందో నాకు తెలీదు. ఆమె ఎవరికి వేసిందో అడిగే ధైర్యం నాకు లేదు. మా ముగ్గురిలో ఆమె ముందు తలెత్తుకోలేని మాట మాట్లాడింది మాత్రం పాస్టరు గారే. ఆ మాట ఆయనతో అన్నాను కూడా, క్రిస్మస్‌కి వెళ్ళినప్పుడు. నాయకుల కోసం ప్రార్థించడం మన బాధ్యత బాబూ అన్నారు. ప్రార్థనకి నేను అడ్డం చెప్పలేదండీ, పొగడ్త గురించి అడుగుతున్నానన్నా. అటు నుంచి సమాధానం రాలేదు, కేకు వచ్చింది.

శ్మశానం ఫైలు ఇంకా ఆర్డీవో ఆఫీసులోనే ఉంది. అదే క్రిస్మస్ రాత్రి భోజనాలయ్యాక నాయనమ్మని అడిగా, ఆ రోజు ఓటేసొచ్చి ఏమని ప్రార్థన చేశావని.

"వాడికేశాను ప్రభువా, క్షమించు అన్నా."

"క్షమించమన్నది నిన్నా, వాణ్ణా?"

"ఇద్దర్నీ. నిన్ను కూడా కలిపాలే, అంత దూరం వచ్చి ఊరికే పోయావుగా" అని పక్కకి తిరిగి పడుకుంది.